కళ్ళు మూసుకున్న ప్రత్యక్ష సాక్షులు

గౌలిపుర ప్రార్థన మందిరంలో అద్భుతం జరిగిందన్న సంగతి లోకమంతటికీ తెలుసు. తెలియనిది ఇద్దరికే. ఒకరు ఆ అద్భుతాన్ని పొయ్యి మీద వండినావిడ, రెండోవారు దాన్ని పక్కింటి దొడ్లోంచి మోయించుకొచ్చినావిడ. "పనిలో మునిగి ఉన్నందువల్ల వీరు అద్భుతాన్ని గమనించే భాగ్యానికి నోచుకోలేదు" అని విచారణ సంఘం తన నివేదికలో ఎంతో సానుభూతితో రాసింది.

ఆ రెండోవారి పేరు రాజమణి. ఆమె భర్త ఇస్సాకు బస్సు డిపోలో మెకానిక్కు, మందిరం తాళాలు కూడా అతని దగ్గరే ఉండేవి. రాజమణి చరిత్రలో బి.ఎ. ప్యాసయింది. పెళ్ళయ్యాక చరిత్రతో ఆమెకు మిగిలిన సంబంధమల్లా పాత పేపర్లు అమ్మేముందు ఒకసారి తిరగేయడమే. అందుకే డెబ్బయి ఎనిమిదిలో మందిరానికి కొత్త వరండా కట్టి, ప్రేమవిందు పెట్టాలని తీర్మానించినప్పుడు, ఆమె విద్యార్హతలను దృష్టిలో ఉంచుకుని వంట ఆమెకు అప్పగించారు.

వందమందికి సరిపడా బగారా అన్నం, దాల్చా వండమన్నారు. వండింది. కాని వరండాతోపాటు మందిరానికి కొత్త లౌడ్‌స్పీకరు కూడా వచ్చింది. పాస్టరు బాబురావు అయ్యగారు దాని కొమ్మును వీధి వైపు తిప్పి కట్టించి, "అలసిన వారలారా, ఆకలిగొన్న వారలారా, అందరూ రండి" అని మూడు గల్లీలు అదిరేలా పిలిచారు. గౌలిపురలో ఆదివారం మధ్యాహ్నం అలసిపోనివాళ్ళు, ఆకలిగొననివాళ్ళు ఎవరుంటారు? పాలవాళ్ళు వచ్చారు, దర్జీలు వచ్చారు, ధూల్‌పేట్‌ నుంచి వినాయకులకు రంగులేసే వాళ్ళు చేతులకు రంగుతోనే వచ్చారు. వరండా నిండింది, వాకిలి నిండింది, మిగిలినవాళ్ళు గల్లీలో వరసలుగా కూర్చున్నారు.

రాజమణి గిన్నె మూత తీసి చూసింది. మళ్ళీ పెట్టింది. 

"ఆగమ్మక్కా, గీ అన్నం మొదటి బంతికే సాలదు."

"మైకు పిలిచింది గద," అంది వంటకు సాయమొచ్చిన ఆగమ్మ గంటె పక్కన పెట్టి. "మైకునే వడ్డించుమను."

మందిరం దొడ్డికి, ఖైసర్ బేగం ఇంటి దొడ్డికి మధ్య గోడలో ఒక చిన్న తలుపుంది. కరివేపాకు, నిప్పు, పుట్టింటి కబుర్లు ఆ తలుపులోంచే రాకపోకలు సాగించేవి. రాజమణి అందులోంచి వెళ్ళేసరికి ఖైసర్ బేగం పొగలు కక్కుతున్న పెద్ద రాగి దేగ్‌ ముందు చెంపకు చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ రోజు ఆమె కూతురు సలీమాకు నిశ్చితార్థం. పెళ్ళికొడుకు వాళ్ళు జల్‌పల్లి నుంచి బయల్దేరబోతుండగా వాళ్ళ ముసలి నానమ్మ కన్నుమూసింది. ఆ కబురు అప్పుడే వచ్చింది. వంట మాత్రం పూర్తయిపోయింది.

"ఖాలా, మా దగ్గర మంది ఉన్నరు, ఖానా లేదు," అంది రాజమణి.

"మా దగ్గర ఖానా ఉన్నది, మంది లేరు. ఇంక సోచాయించుడేంది బేటీ? పారేసుకుంటే పాపం తగుల్తది. వహీద్! ముష్తాక్! కట్టె తేండ్రి, దేగ్ లేపుండ్రి!" అని కొడుకునీ, తమ్ముణ్ణీ కేకేసింది. దేగ్ కదిలాక మాత్రం రాజమణి చెయ్యి పట్టుకుని ఆపింది. "దేగ్ మా అమ్మది. సలీమా పెండ్లి బువ్వ దీంట్లనే వండాలె. నా పెండ్లిది గూడ గిండ్లనే వండిన్రు. జర ఫికర్‌గ చూసుకో."

"పొద్దుగూకేసరికి తోమి తెచ్చిస్త ఖాలా. నా మాట."

ఈ మాట ఒక్కటి పాఠకులు గుర్తుంచుకుంటే చాలు. తక్కినవన్నీ సంఘంవారు గుర్తుంచుకున్నారు.

వీళ్ళు దేగ్‌ను తలుపు దాటించే వేళకు అవతల బాబురావు అయ్యగారు భోజన ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన గురించి రెండు ముక్కలు చెప్పాలి. అది సృష్టితో మొదలవుతుంది. నోవహు ఓడ ఎక్కి దిగేవరకు ఒక ఊపిరి. ఎర్రసముద్రం దాటేలోగా కందిపప్పు ఉడుకుతుందని రాజమణికి అనుభవం. అంతసేపూ అందరూ కళ్ళు గట్టిగా మూసుకుని ఉండాలి. ప్రార్థనలో కళ్ళు తెరవడం మహాపరాధం. ఎవరు తెరిచారో ముందు వరసలో కూర్చునే నాగమణమ్మగారికి మాత్రం ప్రతి వారం తెలిసిపోయేది. ఎలా తెలిసేదని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అయ్యగారు అయిదు రొట్టెలు, రెండు చేపల దగ్గరికి వచ్చేసరికి వహీద్, ముష్తాక్‌లు దేగ్‌ను ఆయన పక్కనే దించి, పెద్దమనుషులు కళ్ళు మూసుకున్న చోట నిలబడటం మర్యాద కాదని వెనక్కి వెళ్ళిపోయారు. అయ్యగారు "ఆమెన్" అని కళ్ళు తెరిచారు. ఎదురుగా నిండు దేగ్. దాని మీద పొగ, దాని చుట్టూ యాలకుల వాసన. ఆయన నోట మాట రాలేదు. ఆ మందిరం చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి కాబట్టి, అద్భుతమని జనం అక్కడే నిర్ధారణ చేసుకున్నారు. "స్తోత్రం!" అని ఎవరో అరిచారు. తరువాత అందరూ తిన్నారు. మిగిలింది పన్నెండు గంపలకు ఎత్తారని తరువాత రాశారు గాని, నిజానికి టిఫిన్ క్యారియర్లకు ఎత్తారు.

సాయంత్రం రాజమణి చింతపండు, బూడిద పట్టుకుని దేగ్ తోమడానికి వెళితే, అది ప్రసంగ వేదిక ముందు టీపాయ్ మీద, మెడకు బంతిపూల దండతో, పైన లేసు గుడ్డతో కొలువుతీరి ఉంది.

"అయ్యగారూ, అది పక్కింటి ఖైసర్ బేగం గారిదండి. తోమి ఇయ్యాలె."

బాబురావు అయ్యగారు మంచివారు. ఎవరినీ నొప్పించరు. "రాజమణీ, ఇంత పెద్ద కార్యం జరిగినంక నువ్వు తోముడు గురించి ఆలోచిస్తున్నవంటే నీ సేవాగుణం మెచ్చుకోవాలమ్మా," అని దీవించి పంపేశారు.

కబురు ఊరు దాటింది. తిన్నవాళ్ళు మూడు వందలు, వారం తిరిగేసరికి అయిదు వందలు, మూడో వారానికి స్త్రీలు, పిల్లలు కాక వెయ్యి. కొందరు పక్క పేటలవాళ్ళు అసూయతో సందేహాలు లేవదీయడంతో, శాస్త్రీయంగా, చారిత్రకంగా, నిష్పక్షపాతంగా సంగతి తేల్చడానికి విచారణ సంఘం వేశారు. కోస్తా నుంచి బైబిలు పండితులు డాక్టర్ దేవసహాయంగారిని రప్పించారు. అయ్యగారు ఒక సభ్యులు. నిష్పక్షపాతం కోసం హిందువైన రిటైర్డు టీచరు బాలకిషన్ సారును మూడో సభ్యునిగా తీసుకున్నారు. ఆయన ఆ రోజు దాల్చా మూడుసార్లు పోయించుకున్నారు కాబట్టి విషయం మీద పట్టు కూడా ఉంది.

దేవసహాయంగారు గొప్ప తార్కికులు. మొదటి రోజే విచారణ సూత్రాలు వివరించారు. "కట్టుకథ పుట్టాలంటే తరాలు పట్టాలి. ఇక్కడ మూడు వారాలే అయింది. కనుక ఇది కట్టుకథ కాజాలదు" అన్నారు. వెయ్యిమంది అన్న లెక్క కూడా ఆ మూడు వారాల్లోనే పెరిగిందని ఆగమ్మ గొణిగింది గాని, ఆమె సభ్యురాలు కాదు.

సాక్షుల్ని పిలిచారు. ఒకాయన దేగ్ ఆకాశం నుంచి దిగిందన్నాడు. ఇంకొకాయన నేలలోంచి లేచిందన్నాడు. ఒకావిడ మాంసం తిన్నానంది, ఇంకొకావిడ గుడ్డు కూడా పడిందంది. బాలకిషన్ సారు పెన్ను ఆపి, "ఏందండి, ఒకరికొకరికి పొంతన లేదు?" అన్నారు.

"అదే బలం!" అన్నారు దేవసహాయంగారు. "అందరూ ఒకేలా చెబితే కూడబలుక్కున్నారని అనుమానించాలి. తేడాలున్నాయంటే స్వతంత్ర సాక్ష్యాలన్న మాట."

అప్పుడు అనుకోకుండా ఇద్దరు సాక్షులు అక్షరం తేడా లేకుండా ఒకేలా చెప్పారు. "చూశారా, ఏకగ్రీవం," అన్నారాయన.

దేగ్ రావడం కళ్ళారా చూసినవారెవరని అడిగితే అందరూ చేతులెత్తారు. ఆ సమయంలో కళ్ళు తెరిచి ఉన్నవారెవరని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. నాగమణమ్మగారు మొదటినుంచి చివరిదాకా, వహీద్ చొక్కా రంగుతో సహా చూశారు. కాని చూశానని చెప్పాలంటే కళ్ళు తెరిచానని ఒప్పుకోవాలి. పరువుగల ఆడమనిషి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. "మూడు వందలమంది ప్రత్యక్ష సాక్షులు, ఒక్క వ్యతిరేక సాక్ష్యం లేదు" అని బాలకిషన్ సారు రాసుకున్నారు.

రాజమణి చెప్పిందంటారా? చెప్పింది. పిలవకపోయినా వెళ్ళి, మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది. నానమ్మ పోవడం, వంట మిగలడం, తలుపు, కట్టె, వహీద్, ముష్తాక్. సంఘంవారు ఓపిగ్గా విన్నారు.

"అద్భుతం జరిగినప్పుడు నువ్వెక్కడున్నావమ్మా?" అన్నారు దేవసహాయంగారు.

"దేగ్ ఎనకాల నడుస్తున్ననండి."

"అంటే ముందు నుంచి చూడలేదు."

"ఎనకనుంచి చూసిన."

"ముందు నుంచి చూడలేదని రాసుకోండి మాస్టారూ."

రాజమణి చివరి ప్రయత్నంగా దేగ్ అంచు చూపించింది. అక్కడ ఉర్దూలో పేరు చెక్కి ఉంది. పాత బస్తీలో పేరు చెక్కని గిన్నె పెళ్ళివారింటికి వెళ్ళి తిరిగిరాదు. బాలకిషన్ సారు ఉర్దూ మీడియంలో చదువుకున్నవారు. కళ్ళజోడు సర్దుకుని, "ఖైసర్ బేగం అనే ఉన్నదండి," అని చదివారు.

అయ్యగారి ముఖం చిన్నబోయింది. దేవసహాయంగారి ముఖం మాత్రం వెలిగింది.

"ఇంతకంటే రుజువు ఏం కావాలి! మనం కల్పించే వాళ్ళమైతే మన వాళ్ళ పేరు చెక్కుకోమా? పేతురు అనో పౌలు అనో చెక్కుకుంటాం. మనకు ఇబ్బంది కలిగించే పేరు దాని మీద ఉందంటే, ఇది ఎవరూ కల్పించలేదన్న మాట! ఇబ్బంది ఎక్కడుంటే నిజం అక్కడుంటుంది."

రాజమణికి చరిత్రలో సెకండ్ క్లాసు ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. ఈ సూత్రం ఆమె పాఠాల్లో లేదు.

ఆ సాయంత్రం వరండాలో దేవసహాయంగారు ఖాళీ సమాధి మీద ఉపన్యసించారు. "సమాధి ఖాళీగా ఉండటం మొదట చూసిందెవరు? స్త్రీలు! ఆ రోజుల్లో స్త్రీల సాక్ష్యాన్ని ఎవరూ లెక్కచేసేవారు కారు. అయినా స్త్రీలే చూశారని రాశారంటే అది నిజం కాక ఏమవుతుంది? పాపం, ఆ కాలపు మగవాళ్ళు ఆ స్త్రీల మాట నమ్మలేదు. వారి అజ్ఞానానికి జాలిపడదాం!" జనం జాలిపడ్డారు. రాజమణి, ఆగమ్మ వెనక నిలబడి టీ గ్లాసులు కడిగారు.

రోజులు గడిచాయి. జల్‌పల్లివాళ్ళు నానమ్మ నలభయ్యో దినం కాగానే పెళ్ళి ముహూర్తం ఖాయం చేసుకున్నారు. ఖైసర్ బేగం దొడ్డి తలుపు దగ్గరికి వచ్చింది. రోజూ వచ్చేదే, కాని ఈసారి లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడింది.

"మీ దేవుడు బువ్వ పుట్టించిండని చెప్పుకుంటున్నరంట. చెప్పుకోనీ. బియ్యం కడిగి నా నడుం విరిగింది, ఉప్పు గూడ నాదే, అయినా నేనేం అనలే. దేగ్ అడుగుతున్న, గంతే. కిరాయికి మస్తు దొరుకుతయి బేటీ, ఎరికే. కాని పిల్ల పెండ్లి బువ్వ అమ్మ దేగ్‌ల కాకుంటే నాకు ముద్ద దిగదు. నువ్వు మాటిచ్చినవ్."

తలుపు మూసుకుంది. ఆ తలుపుకు గొళ్ళెం ఉందని రాజమణికి ఆ రోజే తెలిసింది. రెండు రోజులు కరివేపాకు లేకుండా చారు కాచింది. ఇస్సాకు అదే కలుపుకుని తిన్నాడు. మూడో రోజు మాత్రం "సంఘం తోని లొల్లి పెట్టుకోకు. తాళాలు నా చేతుల ఉన్నయి. దేగ్ పోతే నన్నే దొంగంటరు," అన్నాడు.

"మీ తాళాలతోని నాకు పనే లేదు," అంది రాజమణి. "తలుపులన్నీ బార్లా తెరిసి, అందరి ముంగటనే తీస్త."

ఆ వచ్చిన ఆదివారం కృతజ్ఞతా కూడిక. దేవసహాయంగారు నివేదిక చదివారు. తరువాత అయ్యగారు చేతులెత్తి, "కళ్ళు మూసుకుందాం," అన్నారు. మూడు వందల జతల కళ్ళు మూతపడ్డాయి. వేదిక పక్కన, దొడ్లోకి తెరుచుకునే తలుపు దగ్గర కూర్చున్న రాజమణి కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆమె ముందే కబురు పెట్టిన వహీద్, ముష్తాక్ దొడ్లో చెప్పులు విడిచి, కట్టె పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

ఆదాము పాపం చేశాడు. తొందరలేదు. వర్షం మొదలైంది. ఇంకా లేదు. నోవహు ఓడ తలుపు మూసుకున్నాక రాజమణి ఈ తలుపు తెరిచి కొంగు ఊపింది. ఇద్దరూ పిల్లుల్లా వచ్చారు. కడియాల్లో కట్టె దూర్చి లేపారు. లేపేటప్పుడు దేగ్ టీపాయ్‌కి తగిలి ఖంగుమంది.

ఆ మోతకు ఇస్సాకు కళ్ళు తెరిచాడు. ఎదురుగా పెళ్ళాం, ఆమె వెనక కట్టె, కట్టెకు వేలాడుతూ అద్భుతం. రాజమణి అతని వైపు చూసింది. పెళ్ళయిననాటి నుంచి ఇస్సాకు ఇన్ని విషయాలు ఒకేసారి ఆలోచించింది లేదు. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని, కప్పు ఎగిరిపోయేలా "హల్లెలూయా!" అని అరిచాడు. సభ అంతా అందుకుంది. ఆ హోరులో దేగ్ గడప దాటింది. ముందు వరసలో నాగమణమ్మగారు మరోసారి అంతా చూసి, మరోసారి ఏమీ చూడలేదు.

లేసు గుడ్డ నేలమీద పడి ఉంది. పడేసి ఉన్న గుడ్డను చూసి ఊరుకోలేని అలవాటు ఏ ఇల్లాలికి లేదు? రాజమణి దాన్ని దులిపి, నాలుగు మడతలు పెట్టి, టీపాయ్ మీద ఉంచి వచ్చి కూర్చుంది. ఇశ్రాయేలీయులు ఎర్రసముద్రంలో అప్పుడే కాలు పెట్టారు.

"ఆమెన్" తరువాత పుట్టిన కలకలం చెప్పనలవి కాదు. దొంగతనమన్నారు కొందరు. దేవసహాయంగారు చెయ్యెత్తి వారించారు. మడతపెట్టిన గుడ్డను రెండు చేతులతో పైకెత్తి చూపించారు.

"దొంగ గుడ్డ మడత పెడతాడా? పైగా మూడు వందలమంది ఎదుట, పట్టపగలు, ఎవరికీ కనపడకుండా ఇంత దేగ్ మోయగలడా? ఉరుము లాంటి శబ్దం వినలేదా మీరు?" విన్నామన్నారు. గాలి తగిలిందని కూడా ముగ్గురన్నారు. తలుపు పక్కనే ఉన్న రాజమణి ఆయన కళ్ళబడింది. "అమ్మా, అందరికంటే దగ్గరున్నది నువ్వే. ఏం చూశావు?"

"ఆమెన్ అనేసరికి ఆడ దేగ్ లేదండి," అంది రాజమణి. అందులో అబద్ధం ఒక్క గింజ కూడా లేదు.

"విన్నారా! మొదట చూసింది స్త్రీ!" అన్నారాయన. సాక్ష్యం యథాతథంగా, తప్పొప్పులతో సహా నమోదు చేయాలని బాలకిషన్ సారును కోరారు. నిజం చెప్పినప్పుడు వెనక నుంచి చూసిన రాజమణి, ఇప్పుడు అందరికంటే ముందు నుంచి చూసిన రాజమణి అయింది.

సలీమా పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. దొడ్డి తలుపు రెండు రెక్కలూ తెరిచారు. గౌలిపుర అంతా వచ్చి అదే దేగ్‌లో వండిన బగారా తిన్నది. బాలకిషన్ సారు ఈసారీ దాల్చా మూడుసార్లు పోయించుకున్నారు. ప్రత్యేక ఆహ్వానంపై వచ్చిన దేవసహాయంగారు చేతులు కడుక్కుంటూ దేగ్‌ను నఖశిఖ పర్యంతం పరిశీలించారు.

"నకలు," అన్నారు. "బాగా చేశారు. పేరు కూడా చెక్కారు."

"అస్లీ అదే సాబ్," అంది పరదా వెనకనుంచి ఖైసర్ బేగం. "మా అమ్మది."

"అసలుది పరలోకానికి వెళ్ళిపోయింది గదమ్మా. కనుక ఇది అసలుది కావడానికి వీల్లేదు," అని ఆయన జాలిగా నవ్వి, ఇంటికి పట్టుకెళ్ళడానికి కాస్త కట్టివ్వమన్నారు.

బాలకిషన్ సారు, ముష్తాక్ గల్లీ చివరిదాకా నడుస్తూ పడి పడి నవ్వుకున్నారు. "గింత అమాయకులేంది ముష్తాక్ భాయ్? దేగ్ ఎగిరిపోతదా?" అన్నారు సారు. ఆ తరువాత తన మేనత్త ఊళ్ళో విగ్రహం రాత్రికి రాత్రి ముఖం తిప్పుకున్న సంగతి చెప్పారు. అది మాత్రం నిజం, ఊరంతా సాక్షి. ముష్తాక్ తన జేబులోని తాయెత్తు వల్ల లారీ కింద పడి కూడా ఎలా బతికాడో చెప్పాడు. అది కూడా నిజం, లారీ డ్రైవరే సాక్షి. ఇద్దరూ మర్యాదగా ఒకరినొకరు నమ్మి విడిపోయారు.

వరండాలో పాలరాతి ఫలకం వేశారు. ప్రత్యక్ష సాక్షుల పేర్లలో రాజమణిది మొదటిది. ఆవిష్కరణ నాడు నాలుగు మాటలు చెప్పమని అయ్యగారు ఆమెకు మైకు ఇచ్చారు. వీధివైపు తిరిగిన కొమ్ములోంచి ఆమె గొంతు మూడు గల్లీలకు వినబడింది.

"దేగ్ పైకి పోలేదు. ఖైసర్ బేగం గారి దొడ్లె బోర్లించి ఉన్నది. ప్రేమవిందు నాడు తెచ్చింది నేను, మొన్న తీస్కపోయింది నేను. మీరందరు కండ్లు మూసుకున్నప్పుడు. సలీమా పెండ్లిల దాంట్లదే తిన్నరు."

ఇస్సాకు తల దించుకున్నాడు. నాగమణమ్మగారు అటూ ఇటూ చూశారు, ఏదో చెప్పబోయి ఆగారు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, గౌలిపుర నిజం అంచుదాకా వచ్చి నిలబడింది.

అయ్యగారు మైకు మెల్లగా తీసుకున్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"ప్రియులారా, విన్నారు గదా! పరమునకు ఎక్కిపోయిన దేగ్ మన పొరుగింటికే తిరిగి వచ్చిందట! రెండవ రాకడ! ఈ సహోదరి కళ్ళారా చూసిందట! కళ్ళు మూసుకుందాం."

మూసుకున్నారు. కొమ్ములోంచి సృష్టి మొదలైంది.

గోడ అవతల ఖైసర్ బేగం బియ్యం చెరుగుతూ ఆగి, చెవి ఒగ్గింది.

"వహీద్! మల్ల కండ్లు మూసుకున్నరు!" అని కేకేసింది. "దేగ్ ఇంట్ల పెట్టి తాళం ఎయ్!"